హార్బర్ బురదలో ఎర్ర పురుగు: "కాపిటెల్లా కాపిటాటా" అని రాసేయొచ్చా?

బురద_జల్లెడ (విశాఖపట్నం)
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు నాది, టాపిక్ విశాఖ ఇన్నర్ హార్బర్ అడుగు బురదలో బతికే పురుగులు, నత్తలు, చిన్న చిన్న రొయ్య జాతులు, అంటే బెంథోస్. మొన్న ఒక స్టేషన్‌లో గ్రాబ్ (అడుగు బురదని పట్టి తెచ్చే దవడల పరికరం) వేసి పైకి తీస్తే నల్లటి బురద, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, అర మిల్లీమీటరు జల్లెడలో పోసి కడుగుతూ కడుగుతూ ఉంటే చివరికి అడుగున మిగిలింది ఒక ఎర్ర దారాల ముద్ద. ఇంకే ప్రాణీ లేదు, ఒక్క గవ్వ కూడా లేదు, అన్నీ అవే. వేలితో కదిపితే చుట్టలు చుట్టుకుంటున్నాయి.
పాత పేపర్లన్నిట్లో ఈ హార్బర్‌లో ఇలాంటి చోట దొరికేది కాపిటెల్లా కాపిటాటా అనే ఉంది, మా గైడ్ గారు కూడా అదే రాయమన్నారు, నేనూ అదే రాశాను. పోయిన వారం సెమినార్‌లో బయట్నుంచి వచ్చిన ఒక మేడం "డీఎన్ఏ చూశారా, చూడకుండా ఆ పేరు ఎలా పెట్టారు" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. అసలు సమస్య ఏంటంటే నా రెండేళ్ళ శాంపిళ్ళన్నీ ఫార్మలిన్‌లో ఉన్నాయి, రోజ్ బెంగాల్ రంగు కూడా వేసేశాను. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. పేరు మార్చాలా? శాంపిళ్ళు పనికి రావా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

వాల్తేరు_మాస్టారు
అమ్మా, ముందు కంగారు తగ్గించుకో. శాంపిళ్ళు ఎక్కడికీ పోలేదు, వాటితో చెయ్యాల్సిన పని వాటితో ఉంది, అది తర్వాత చెప్తాను.
ఆ పేరు సంగతి చూద్దాం. ఆ పురుగుకి మొదట పేరు పెట్టింది ఓటో ఫాబ్రిసియస్, 1780లో, గ్రీన్‌లాండ్‌లో. మంచు ప్రాంతపు చల్లటి సముద్రంలో దొరికిన పురుగు అది. అక్కడి పేరు తెచ్చి మనం మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే హార్బర్‌లో, వేసవిలో గోరువెచ్చగా ఉండే నీళ్ళలో బతికే పురుగుకి పెట్టాం. మనమే కాదు, ప్రపంచమంతా అదే చేసింది. కారణం ఉంది, చూడ్డానికి అంత సాదా జీవి ఇంకోటి లేదు: వానపాముకి చుట్టంలా ఉంటుంది, మీసాల్లేవు, కళ్ళు సరిగ్గా కనపడవు, మొప్పల్లేవు. గుర్తులు తక్కువైన ప్రాణి ఎక్కడ దొరికినా ఒకేలా కనిపిస్తుంది, ఒకేలా కనిపిస్తే ఒకే పేరు పెట్టేస్తారు.
1980ల మొదట్లో మన జంతుశాస్త్రవేత్తలు గణపతి గారు, రామన్ గారు ఈ హార్బర్ పురుగుల మీద రాసినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది మైక్రోస్కోపు ఒక్కటే. ఆ మైక్రోస్కోపుతో వాళ్ళు చూసింది సరిగ్గానే చూశారు. కాలుష్యం ఎక్కువున్న చోట ఈ పురుగు ఒక్కటే మిగలడం, బయటికి వెళ్ళే కొద్దీ రకాలు పెరగడం, ఆ లెక్క ఇప్పటికీ నిలుస్తుంది. పేరు మాత్రం అప్పు తెచ్చుకున్నది.

జాలరిపేట_కుర్రోడు
మాస్టారూ నాకు ఒకటి అర్థం కాలేదండి. మా నాన్న ముప్పై ఏళ్ళుగా బోటు మీద వెళ్తున్నాడు, ఈ ఎర్ర పురుగులు మేమూ చూశాం లంగరు తీసేటప్పుడు. పురుగు ఎక్కువుంటే చేప తింటాది కదా, మంచిదే కదా. ఇందులో పేరుకి ఇంత గొడవేటి? ఏ పేరైతే ఏంటి చేపకి.

వాల్తేరు_మాస్టారు
మంచి ప్రశ్న బాబూ. చేప తింటుంది, నిజమే. కానీ ఆ అమ్మాయి చెప్పింది ఇంకోసారి చదువు, "ఇంకే ప్రాణీ లేదు" అంది. మంచి బురదలో ఒక గ్రాబ్‌కి ముప్పై నలభై రకాలు దొరకాలి, గవ్వలు, పీతపిల్లలు, పెళుసు నక్షత్రాలు, పొడుగు పురుగులు. అవన్నీ ఊపిరాడక పోయాక ఈ ఒక్కటే మిగిలిందంటే కుండలో అన్నం అంతా పోయి అడుగంటిన మాడు మిగిలినట్టు. దాని ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు, ఆక్సిజన్ తక్కువైనా నెట్టుకొస్తుంది. పైగా నెల, నెలన్నరలో పిల్ల పెద్దదై మళ్ళీ గుడ్లు పెట్టేస్తుంది. అందుకే ప్రపంచమంతా దీన్ని కాలుష్యానికి గుర్తుగా వాడతారు.
పేరు ఎందుకంటే, 1969 సెప్టెంబరులో అమెరికాలో మసాచుసెట్స్ దగ్గర వెస్ట్ ఫాల్మత్ అనే చోట ఒక బార్జి రాళ్ళకి తగిలి డీజిల్ లాంటి నూనె ఒలికిపోయింది. ఉన్న జీవులన్నీ చచ్చాయి, కొన్నాళ్ళకి ఆ బురదంతా కాపిటెల్లా. ఫ్రెడరిక్ గ్రాసిల్, జుడిత్ గ్రాసిల్ అని భార్యాభర్తలు ఆ పురుగుల్ని తెచ్చి ల్యాబ్‌లో పెంచారు. అప్పటికి డీఎన్ఏ చదివే సౌకర్యం లేదు, ఎంజైముల్ని జెల్ మీద పరిగెత్తించి చూశారు. 1976లో తేల్చింది ఏంటంటే, ఒక్క జాతి అనుకున్నది ఆరు జాతులు. ఆరు! కంటికి ఒకటే, రక్తంలో ఆరు. వాటిలో కొన్నిటి పిల్లలు నీళ్ళలో వారాల తరబడి కొట్టుకుపోతాయి, కొన్నిటి పిల్లలు తల్లి కట్టుకున్న గొట్టంలోంచే నేరుగా బురదలోకి దిగిపోతాయి. ఇప్పుడు చెప్పు, హార్బర్ శుభ్రం చేశాక ఎక్కడెక్కడికి ఏది తిరిగొస్తుంది, ఏది రాదు అని ఎవరైనా అడిగితే, పేరు తెలీకుండా జవాబు చెప్పగలమా?

జాలరిపేట_కుర్రోడు
ఓ, పిల్లలు తేడా అన్నమాట. అలా ఎవరూ చెప్పలేదండి ఇప్పటిదాకా.

నార్వే_నాయుడు (శ్రీకాకుళం, ప్రస్తుతం నార్వే)
మాస్టారి మీద గౌరవంతోనే కొంచెం విభేదిస్తున్నాను. ఇక్కడ సాల్మన్ చేపల పంజరాల కింద మేత, రెట్ట పేరుకుపోయి ఇదే పురుగు చాపలా పరుచుకుంటుంది. మానిటరింగ్ చేసేవాళ్ళకి కావాల్సింది ఒక్కటే, ఇది ఎంత ఉంది, పక్కన ఇంకేమున్నాయి. ఆరులో ఏది అన్నది వాళ్ళ రిపోర్టుకి అక్కర్లేదు. ఆ అమ్మాయి థీసిస్ కాలుష్యం మీదైతే "కాపిటెల్లా జాతి సముదాయం" అని రాసి ముందుకి పోవడం మంచిది. ఉన్న టైములో డీఎన్ఏ మొదలెడితే ఇంకో రెండేళ్ళు పోతాయి, ఫెలోషిప్ ఎవరిస్తారు? నేను ఇలాంటి వలలోనే ఇరుక్కుని ఒక ఏడాది పోగొట్టుకున్నాను, అందుకే చెప్తున్నా.

పీసీఆర్_పద్మ (హైదరాబాద్)
నాయుడన్నా, అట్ల అనకు. గుర్తుగా వాడే పురుగే ఆరు రకాలైతే ఆ గుర్తు దేనికి గుర్తు? ఒకటి నూనె తట్టుకుంటది, ఇంకోటి ఎరువుల నీళ్ళు తట్టుకుంటది, రెండిట్నీ కలిపి లెక్కపెడితే వచ్చే నంబర్‌కి అర్థం ఏమున్నది? "సముదాయం" అని రాయడం నిజాయితీ, దానికి ఒప్పుకుంటా. కానీ అక్కడ ఆగిపోవద్దు.
చెల్లీ, ఇప్పుడు నీ మాట. ఫార్మలిన్‌ల ఉన్నవాటి డీఎన్ఏ మర్చిపో. ఫార్మలిన్ డీఎన్ఏని ప్రోటీన్లతో అతికించేస్తది, ముక్కలు చేస్తది, నెలలు దాటినంక మామూలు పద్ధతుల్ల బయటికి రాదు. కొన్ని ల్యాబులల్ల చిన్న చిన్న ముక్కలు తీస్తున్నరు గానీ నువ్వు దాని వెంట పడకు. మళ్ళీ ఒక్క రోజు ఫీల్డుకి పో. అదే స్టేషన్లు, రెండు గ్రాబులు. ఒక గ్రాబ్ ఎప్పటిలెక్క ఫార్మలిన్‌కి, లెక్కలకి. రెండోది జల్లెడ పట్టినంక పురుగుల్ని బతికుండగనే ఏరి, వడగట్టిన సముద్రపు నీళ్ళల్ల ఒక రాత్రి ఐస్ బాక్స్‌ల ఉంచు, కడుపుల ఉన్న బురద ఖాళీ అయితది. లేకపోతే నువ్వు చదివేది పురుగు డీఎన్ఏ కాదు, అది తిన్నదాని డీఎన్ఏ. తెల్లారి 95 శాతం పైన ఇథనాల్‌ల వెయ్యి, ఒక రోజైనంక ఆ ఇథనాల్ మార్చు, పురుగుల నీళ్ళు దాన్ని పలచన చేస్తయి. అందరూ మర్చిపోయేది ఇదే.
ఇంకోటి మస్తు ముఖ్యం. పురుగు మొత్తం రుబ్బకు. తోక చివర ముక్క కోసి డీఎన్ఏకి తీస్కో, తల భాగం దాచు. గుర్తులన్నీ ముందు భాగంలనే ఉంటయి.

వాల్తేరు_మాస్టారు
పద్మగారు చెప్పిన చివరి మాట బంగారం. మొదటి ఏడు ఖండాల మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, మగవాటికి 8, 9 ఖండాల వీపు మీద వంగిన ముళ్ళు ఎదురెదురుగా ఉంటాయి, జత కట్టేటప్పుడు వాడేవి. అవి చూడకుండా ఏ పేరూ లేదు. నీ ఫార్మలిన్ శాంపిళ్ళు ఇక్కడే అక్కరకి వస్తాయి తల్లీ, ముళ్ళు కొలవడానికి, బొమ్మ గీయడానికి ఫార్మలిన్‌లో గట్టిపడిన పురుగే మంచిది, ఇథనాల్‌లోది ముడుచుకుపోతుంది. కాబట్టి రెండేళ్ళు వృథా అన్న మాట ఇంకెప్పుడూ అనకు.

బురద_జల్లెడ
మాస్టారూ, మేడం, ఇది చదివి నిజంగా ఏడుపొచ్చింది. థాంక్స్ అనేది చిన్న మాట. ఇప్పుడే పాత సీసా ఒకటి తీసి స్లైడ్ మీద పెట్టాను, ముప్పావు గంట వెతికితే ఒక మగ పురుగు దొరికింది, ఆ ముళ్ళు కనిపించాయి, తేనెరంగులో ఉన్నాయి, కొక్కేల్లాగా. రెండేళ్ళుగా ఈ పురుగుల్ని లెక్కపెడుతున్నాను, ఒక్కసారి కూడా వాటిని చూడలేదు. తల లెక్కపెట్టడం, టిక్కు కొట్టడం, ఇదే చేశాను.
ఒక డౌట్. ప్రైమర్లు, అంటే ఏ డీఎన్ఏ ముక్కని కాపీ చెయ్యాలో పట్టిచ్చే చిన్న ముక్కలు, ఏవి వాడాలి? మా డిపార్ట్‌మెంట్‌లో పీసీఆర్ మెషిన్ (డీఎన్ఏ ముక్కకి లక్షల కాపీలు తీసేది) ఉంది కానీ సముద్రపు పురుగుల మీద ఎవరూ చెయ్యలేదు.

పీసీఆర్_పద్మ
మొదలు ఫోల్మర్ ప్రైమర్లు, ఎల్సీఓ 1490, హెచ్సీఓ 2198. మైటోకాండ్రియాల సీఓఐ అనే జీన్ ముక్క, 700 అక్షరాల పైన వస్తది. 1994ల వచ్చినయి, ఇప్పటికీ ప్రపంచంల ప్రతి ల్యాబ్ ఫ్రీజర్‌ల ఉంటయి. నాకు ఇష్టమైన సంగతి ఏందంటే వాటిని తయారుచేసిన గుంపుల సముద్రం అడుగున వేడినీటి ఊటల దగ్గరి జీవుల మీద పనిచేసేటోళ్ళు ఉన్నరు, అన్ని రకాల వెన్నెముక లేని ప్రాణులకి పనికొచ్చేటట్టు చేసిన్రు. ఇయ్యాల మార్కెట్ల చేప అసలుదా కాదా చూసేతందుకు కూడా అదే జీన్ చదువుతున్నరు.
కానీ చెప్తున్నా, ఈ రకం పురుగులల్ల ఫోల్మర్ చాలాసార్లు మొరాయిస్తది. పది ట్యూబులల్ల మూడు వచ్చినా నిరాశ పడకు. 16ఎస్ అనే ఇంకో జీన్ ప్రైమర్లు పక్కన పెట్టుకో, అది సులువుగ వస్తది. బురదల ఉండే హ్యూమిక్ పదార్థాలు రియాక్షన్‌ని ఆపేస్తయి, డీఎన్ఏని పదింతలు పలచన చేసి ఇంకోసారి పెట్టి చూడు, మా దగ్గర సగంసార్లు గట్లనే పని అయింది.
సీక్వెన్స్ వచ్చినంక డేటాబేస్‌ల వెతికితే పైన ఏ పేరు వస్తే ఆ పేరు రాసెయ్యకు. అక్కడ పెట్టినోళ్ళు కూడ నీ లెక్కనే పాత పుస్తకం చూసి పేరు పెట్టినోళ్ళు. ఎంత శాతం కలిసింది, ఆ శాంపిల్ ఏ ఊరిది, తల భాగం ఎక్కడన్నా మ్యూజియంల దాచిన్రా, ఈ మూడు చూడు.

నార్వే_నాయుడు
సరే, నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను, నా కోపం పురుగు మీద కాదు, పోయిన నా ఏడాది మీద. పద్మగారు అడిగింది న్యాయమే, గుర్తు దేనికి గుర్తు అని. 2009లో అమెరికా తీరంలోని ఒక రకానికి కాపిటెల్లా టెలెటా అని వేరే పేరు పెట్టారు, గ్రాసిల్ దంపతుల ఆరింట్లో మొదటిది అదే. అదే ఏడాది అసలు కాపిటాటాకి గ్రీన్‌లాండ్ నుంచే కొత్తగా ఒక ప్రమాణ నమూనా నిర్ణయించారు, ఇకనుంచి దానితో పోల్చి కలిస్తేనే ఆ పేరు. టెలెటా జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) 2013లో పూర్తిగా చదివేశారు. అంటే ఇప్పుడు అవతల పక్క గట్టిగా నిలబడే గుంజలు రెండున్నాయి, మన పక్కనే ఏమీ లేదు.
ఇంకో దారి ఉంది: బురద మొత్తంలోంచే డీఎన్ఏ తీసి ఒకేసారి చదవడం, ఈడీఎన్ఏ అంటారు. స్కాట్లండ్‌లో, ఇక్కడ చేపల పంజరాల కింద అలా చేసి చూస్తున్నారు. పురుగుల్ని ఏరే పని తప్పుతుంది. కానీ చచ్చినవాటి డీఎన్ఏ కూడా బురదలో ఉండిపోతుంది, వచ్చిన సీక్వెన్సులకి పేరు చెప్పే లైబ్రరీ మన సముద్రానికి లేదు. లైబ్రరీ ఎవరు కడతారంటే ఆ అమ్మాయి లాంటివాళ్ళు, తలా తోకా విడిగా దాచి. కాబట్టి చెయ్యి తల్లీ, నేను ఆపను.

లోతు_నీళ్ళు (గోవా)
ఈ థ్రెడ్ రాత్రి పన్నెండింటికి కనిపించింది, చదివి ఆగలేక రాస్తున్నాను. మాది అనకాపల్లి పక్క ఊరు, నేను లోతు సముద్రం బెంథోస్ మీద పనిచేస్తాను, హిందూ మహాసముద్రం మధ్యలోకి రెండు సార్లు ఓడ మీద వెళ్ళాను.
మాస్టారు చెప్పిన ఫ్రెడరిక్ గ్రాసిల్ ఉన్నాడు కదా, ఆయన అక్కడితో ఆగలేదు. 1977లో గలపాగోస్ దగ్గర రెండున్నర కిలోమీటర్ల లోతులో వేడినీటి ఊటలు బయటపడితే, 1979లో అక్కడి జీవుల్ని చూడ్డానికి వెళ్ళిన మొదటి బయాలజీ బృందాన్ని నడిపించింది ఆయనే. తర్వాత అమెరికా తూర్పు తీరం అవతల లోతు బురద 233 బాక్స్ కోర్లు (నేల నుంచి పెట్టెలా కోసి తెచ్చే బురద ముక్కలు) తీసి లెక్కపెట్టి 1992లో రాస్తే, అంతా కలిపి 21 చదరపు మీటర్లు, మనింట్లో రెండు గదులంత, అందులో 798 జాతులు. సగానికి పైగా పేరు లేనివి. హార్బర్ పురుగుని జాగ్రత్తగా చూడ్డం నేర్చుకున్న కన్నే అక్కడా చూసింది.
ఎందుకు చెప్తున్నానంటే, మన దేశానికి హిందూ మహాసముద్రం మధ్య బేసిన్‌లో 75,000 చదరపు కిలోమీటర్ల మేర నాడ్యూల్స్ వెతుక్కునే హక్కు ఉంది, అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో 2002లో ఒప్పందం అయింది. నాడ్యూల్ అంటే బంగాళాదుంప సైజు నల్ల గడ్డ, మాంగనీసు, నికెల్, కోబాల్ట్, రాగి ఉంటాయి. 2021లో చెన్నై ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ళు వరాహ అనే యంత్రాన్ని 5,270 మీటర్ల లోతులో నేల మీద నడిపించి చూశారు. గొప్ప పనే. నేను ఆ రోజు చాలా సంతోషించాను, ఇప్పటికీ అది మన ఇంజనీర్లు సాధించినదే.
కానీ ఆ నాడ్యూల్ చేతిలో పట్టుకుని చూసినవాడిని. ఒకటి పది లక్షల ఏళ్ళకి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని మీద ఒక వైపు స్పాంజి, ఇంకో వైపు గోరంత గొట్టంలో పురుగు, పగుల్లో ఇంకేదో. బురద మైదానంలో గట్టిగా పట్టుకోడానికి ఉన్నది ఆ రాయి ఒక్కటే. పెరూ బేసిన్‌లో నాలుగు కిలోమీటర్ల కింద తెల్ల ఆక్టోపస్‌లు నాడ్యూల్ మీద పెరిగి చచ్చిపోయిన స్పాంజి కాడలకి గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని కూర్చుని కాపలా కాయడం కెమెరాల్లో కనిపించింది, 2016లో రాశారు. రాయి తీసేస్తే స్పాంజి లేదు, స్పాంజి లేకపోతే ఆ తల్లికి చోటు లేదు.
అదే పెరూ బేసిన్‌లో 1989లో జర్మన్లు కావాలనే ఒక దుక్కి లాంటి పనిముట్టుతో నేలని దున్ని వదిలేశారు, ఏమవుతుందో చూద్దామని. 26 ఏళ్ళ తర్వాత 2015లో వెళ్తే చాళ్ళు నిన్న దున్నినట్టే ఉన్నాయి. మన పొలంలో చాలు ఒక వానకి చెదిరిపోతుంది.

జాలరిపేట_కుర్రోడు
26 ఏళ్ళా!! అన్నా అక్కడ కెరటం ఉండదా అడుగున? మా దగ్గర ట్రాల్ వల ఈడ్చిన జాడ తుఫానొస్తే పోద్ది.

లోతు_నీళ్ళు
ఉండదు తమ్ముడూ. తుఫాను కదలిక అంత లోతుకి చేరదు. పైనుంచి రాలే పొడి కూడా వెయ్యేళ్ళకి కొన్ని మిల్లీమీటర్లే. నీళ్ళు రెండు డిగ్రీల లోపు చల్లగా ఉంటాయి. మేం బాక్స్ కోర్ పైకి తెచ్చేసరికి డెక్ మీద ముప్పై డిగ్రీల ఎండ, ఆ బురదని మామూలు నీళ్ళతో కడిగితే ప్రాణులు అక్కడికక్కడే ఉడికిపోయినట్టై డీఎన్ఏ పాడవుతుంది, అందుకని సముద్రపు నీళ్ళు ముందే ఫ్రిజ్‌లో పెట్టి ఆ చల్లటి నీళ్ళతోనే కడుగుతాం, చేతులు మొద్దుబారిపోతాయి. ఒక పూట పనికి దొరికేది ఇరవై ముప్పై ప్రాణులు. ఒక్కోదానికి ఫొటో, నంబరు, తోక ముక్క, తల భాగం. పద్మగారు చెప్పిందే, ఐదు కిలోమీటర్ల లోతులోంచి తెచ్చి.
పసిఫిక్‌లో క్లారియన్ క్లిప్పర్టన్ అనే నాడ్యూల్ ప్రాంతంలో ఇప్పటిదాకా దొరికిన జాతులన్నీ 2023లో లెక్కేస్తే 5,578 అని తేలింది, అందులో పదికి దాదాపు తొమ్మిది పేరు లేనివి. పేరు లేనిదాన్ని కాపాడమని ఎవర్ని అడగాలి? ఏ జాబితాలో రాయాలి?

పీసీఆర్_పద్మ
అన్నా, ఆ పొలుసుల నత్త సంగతి కూడ చెప్పు. మా ల్యాబ్‌ల గోడకి దాని ఫొటో ఉన్నది.

లోతు_నీళ్ళు
చెప్తాను, అది మన హిందూ మహాసముద్రందే, ఇంకెక్కడా లేదు. కాలు నిండా ఇనుప పొలుసులున్న నత్త, నాలుగున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, క్రైసోమల్లాన్ స్క్వామిఫెరమ్. 2001లో కైరే అనే ఊట దగ్గర మొదట దొరికింది, పద్ధతిగా పేరు పెట్టింది 2015లో. అది మేత మెయ్యదు, గొంతు దగ్గర పెద్ద సంచిలాంటి గ్రంథిలో బాక్టీరియాని పెంచుకుంటుంది, అవి ఊటలోంచి వచ్చే రసాయనాలతో తిండి తయారుచేసి పెడతాయి. ఆ బాక్టీరియాకి ఆక్సిజన్ అందించడానికి దాని గుండె ఒంట్లో నాలుగు శాతం ఉంటుంది, మనిషికి ఒకటిన్నర శాతం కూడా ఉండదు.
కైరే దగ్గరివి నల్లగా ఇనుము పట్టి ఉంటాయి, సోలిటేర్ అనే ఇంకో ఊట దగ్గరివి తెల్లగా, ఇనుము లేకుండా. రెండు జాతులా అంటే కాదు, డీఎన్ఏ చూస్తే ఒకటే, రంగు తేడా ఊట నీళ్ళలో ఇనుము ఎంతుందన్న దాన్ని బట్టి. కాపిటెల్లా కథకి సరిగ్గా తిరగేసిన కథ ఇది: అక్కడ ఒకేలా ఉన్నవి ఆరు, ఇక్కడ వేరేలా ఉన్నవి ఒకటి. కన్ను రెండు వైపులా పొరబడుతుంది. 2020లో దీని జీనోమ్ చదివితే ఆ కవచం కోసం దానికంటూ ప్రత్యేకమైన కొత్త జీన్లు పెద్దగా లేవు, నత్తలకీ వాటి చుట్టాలకీ పాత కాలం నుంచి ఉన్న జీన్లనే కొత్త పనికి వాడుకుంది.
నన్ను బాగా కలవరపెట్టింది ఇంకోటి. నైరుతి రిడ్జ్ (సముద్రం అడుగు కొండల వరస) మీద లోంగ్చీ అనే ఊటలోని నత్తలకీ, మధ్య రిడ్జ్ నత్తలకీ జన్యు రాకపోకలు చాలా తక్కువ అని 2015లోనే తేలింది. అంటే ఒక ఊటని తవ్వి పాడుచేస్తే పక్క ఊట నుంచి పిల్లలు వచ్చి నింపుతాయి అనుకోడానికి లేదు. అందుకే 2019లో ఐయూసీఎన్ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ ఎర్ర జాబితాలో ముప్పున్న జీవిగా చేర్చారు, సముద్రగర్భ తవ్వకాల ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జీవి ఇదే. తర్వాత ఊటల దగ్గర మాత్రమే బతికే 184 నత్త, గవ్వ జాతుల్ని పరిశీలిస్తే 62 శాతం ముప్పులో ఉన్నాయి. మన దేశానికి కూడా ఈ రిడ్జ్‌ల మీద సల్ఫైడ్ ఖనిజాల అన్వేషణకి 2016 నుంచి ఒప్పందం ఉంది, 10,000 చదరపు కిలోమీటర్లు. కాబట్టి ఇది ఎవరో తెల్లవాళ్ళ నత్త కాదు, మన పొరుగు నత్త.

నార్వే_నాయుడు
అన్నా, ఖనిజం వద్దే వద్దంటారా మరి? బ్యాటరీలకి కోబాల్ట్ కావాలి కదా, ఎక్కడో ఒక చోట తవ్వాలి. భూమ్మీద తవ్వితే అడవి పోతుంది, మనుషులు పోతారు, మన ఏజెన్సీలో చూశాం కదా.

లోతు_నీళ్ళు
వద్దు అని నేను ఒక్కడినే తేల్చలేను నాయుడుగారూ, మీరన్న అడవి బాధ నాకూ తెలుసు. నేను అడిగేది ఒక్కటే, తవ్వే ముందు అక్కడెవరున్నారు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి వాళ్ళ పిల్లలు వెళ్తున్నాయి అన్నది తెలియాలి. రైలు రోడ్డు వేసే ముందు ఊళ్ళో సర్వే చేసి ఇంటి నంబర్లు రాసుకుంటారు. ఇక్కడ ఇళ్ళకి నంబర్లే లేవు. ఆ పని చేసేవాళ్ళు, అంటే పురుగు ముళ్ళు చూసి జాతి చెప్పగలిగేవాళ్ళు, దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, చాలామంది రిటైరయ్యారు.

వాల్తేరు_మాస్టారు
చివరి మాట నాకు గుచ్చుకుంది, నిజం కాబట్టి. 1960ల్లో గణపతి గారు, చంద్రశేఖరరావు గారు మన వాల్తేరు బీచి ఇసుక రేణువుల మధ్య బతికే కంటికానని జీవుల మీద చేసిన పని చదవడానికి ప్రపంచం మనవైపు చూసింది. రేణువుకీ రేణువుకీ మధ్య నీటి పొరలో ఉంటాయి అవి. రామకృష్ణా బీచిలో జనం కాళ్ళ కింద. 1967లో మన హార్బర్‌లో ఒక కొత్త ఆల్చిప్ప గుంపులు గుంపులుగా కనిపిస్తే, అది అట్లాంటిక్ అవతల ఉష్ణమండల తీరాల నుంచి ఓడలతో వచ్చిందని చెప్పగలిగింది కూడా మనవాళ్ళే, మైటిలాప్సిస్ అంటారు ఇప్పుడు. పరాయిదని గుర్తుపట్టాలంటే మనవి ఏవో తెలిసుండాలి కదా.
అమ్మా జల్లెడా, నీ ఎర్ర పురుగు కూడా ఇక్కడిదేనా, ఓడలు బరువు కోసం నింపుకునే బలాస్టు నీళ్ళలో ఎక్కణ్ణుంచో వచ్చిందా? మైక్రోస్కోపు చెప్పలేదు. నువ్వు చెప్పగలవు. హార్బర్ లోపలివే కాకుండా బయట తీరం నుంచి, వీలైతే భీమిలి దగ్గర గోస్తనీ కలిసే చోట నుంచి కూడా తీసుకో. ఒక్క చోటి శాంపిల్‌తో ఏదీ తేలదు.

బురద_జల్లెడ
మాస్టారూ, పద్మ మేడం, అందరికీ అప్‌డేట్. మూడు వారాలైంది, సారీ. మళ్ళీ ఫీల్డుకి వెళ్ళాను. మీరు చెప్పినట్టే బతికున్నవి ఏరి, రాత్రంతా ఐస్ బాక్స్‌లో పెట్టి, పొద్దున చూస్తే ఒక్కో పురుగు వెనక నల్లటి చిన్న చిన్న గుళికల వరస, కడుపు ఖాళీ అయి ఒళ్ళు అద్దంలా అయింది, లోపల రక్తం కదలడం కనిపిస్తోంది. ఒక గొట్టంలో గుడ్లు కూడా చూశాను, తల్లి గొట్టం లోపలి గోడకి వరసగా అతికించింది, తను మధ్యలో ఉండి ఒళ్ళు అలలా కదుపుతోంది. అది చూశాక దాన్ని ఇథనాల్‌లో వెయ్యబుద్ధి కాలేదు, ఆ ఒక్కదాన్ని బురదతో సహా గాజు గిన్నెలో పెంచుతున్నాను, రోజూ నీళ్ళు మారుస్తున్నాను. పిల్లలు ఈదుతాయా, బురదలోకే దిగుతాయా చూడాలి.
పీసీఆర్ మొదటిసారి ఒక్క బ్యాండూ (జెల్ మీద డీఎన్ఏ గీత) రాలేదు. పదింతలు పలచన చేసి పెట్టాను. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి జెల్ చూస్తే 12 ట్యూబుల్లో 5 వచ్చాయి, 16ఎస్ అయితే 12కి 10. సోమవారం సీక్వెన్సింగ్‌కి పంపిస్తున్నా. తలలు విడివిడిగా నంబర్లు వేసి దాచాను. థీసిస్‌లో ప్రస్తుతానికి "కాపిటెల్లా జాతి సముదాయం" అని మార్చాను, గైడ్ గారికి ముళ్ళ ఫొటోలు చూపిస్తే చాలాసేపు చూసి సరే అన్నారు.
హార్బర్ బయట శాంపిల్ ఒక్కటే మిగిలింది, బోటు ఖర్చు చూస్తే నా దగ్గర అంత లేదు.

పీసీఆర్_పద్మ
12కి 5 అంటే ఫోల్మర్‌తోటి మొదటిసారికి చాలా మంచిగ వచ్చినట్టే చెల్లీ. సీక్వెన్సులు రాంగనే రెండు వైపులా చదివించినవి కలిపి చూడు, ఒక వైపుదే నమ్మకు. నాకు పంపు, ఆదివారం కూర్చుందాం ఆన్‌లైన్ల.

లోతు_నీళ్ళు
ఆ గిన్నెలో నీళ్ళ ఉష్ణోగ్రత రోజూ రాసుకో. పిల్లలు బయటికొచ్చే రోజు ఫొటో కాదు, వీడియో తియ్యి.

జాలరిపేట_కుర్రోడు
అక్కా బోటు సంగతి వదిలేయండి. నాన్నకి చెప్పాను పిల్లలు తేడా, ఎక్కణ్ణుంచి ఎక్కడికెళ్తాయో తెలీదు అని, ఆయనే అడిగాడు ఆ అమ్మాయి ఎప్పుడొస్తాదని. శనివారం తెల్లారి అయిదింటికి ఫిషింగ్ హార్బర్‌కి రండి, మాది చిన్న ఇంజను బోటు, యారాడ కొండ దాటి బయట ఎక్కడంటే అక్కడ ఆపుతాం, సాయంత్రం గాలి లేచేలోపు వచ్చేద్దాం. గ్రాబ్ బరువెంత చెప్పండి, తాడు నేను చూస్తా. ఐస్ మా దగ్గరే ఉంటాది.